పరుగును వెనక్కి లాగిన లెన్సు

పరుగెత్తే మనిషి మొఖం ఫొటోలో చెదిరిపోతే, అది అతని చావుకు ముందస్తు కబురని మీరు నమ్ముతారా? తొందరపడి లేదనకండి. నాకు బాగా తెలిసిన ఒక ఇంట్లో నమ్మారు. ఆ నమ్మకం బరువంతా ఒక ఆడమనిషి నెత్తిన పడింది.

నా మిత్రుడు కోదాడ దగ్గర గొర్లకాపరుల ఇంట్లో పుట్టి టీచరయ్యాడు. సూర్యాపేటలో మూఢనమ్మకాలకు వ్యతిరేకంగా జరిగే సభలకు ఇద్దరం ఒకే బస్సులో వెళ్లేవాళ్లం. సభలో వచ్చే ప్రశ్నలకు నన్ను తయారు చేయడానికి దారిపొడవునా అతను దేవుడి తరఫున వాదించేవాడు. "గాడ నిన్నెవలన్న గిట్లడిగితే ఏం జెప్తవ్?" అని నన్ను గుచ్చేవాడు. దేవుడి తరఫున అంత గట్టిగా వాదించే మనిషి నాకు మళ్లీ దొరకలేదు. ఆ బస్సులో పక్క సీటు ఖాళీగా ఉన్నా ఇప్పటికీ దాని మీద సంచి పెట్టబుద్ధి కాదు.

ఆదివారాలు అతను అన్నతో కలిసి మంద వెంట పోయేవాడు. మిర్యాలగూడలో ఒక స్టూడియో నుంచి జూమ్ లెన్సు కిరాయికి తెచ్చుకుని ఒకసారి నేనూ వెళ్లాను. వరికోత అయిన మడిలో, తప్పించుకున్న గొర్రె వెంట అతను నవ్వుతూ ఉరికాడు. కెమెరాను అతనితోపాటే తిప్పుతూ నొక్కాను. మొఖం చెదిరిపోయింది. వెనక గట్టు మీది తుమ్మచెట్టు మాత్రం కొమ్మ కొమ్మా తెలిసేంత స్పష్టంగా వచ్చింది. అయినా ఆ పరుగు అతనికి నచ్చింది. ప్రింటు తీయించి భార్యకిస్తే, ఆమె గోడకు తగిలించింది. కొన్ని నెలలకే జ్వరంతో దవాఖానలో చేరాడు. తిరిగి రాలేదు.

అనంతగిరి నుంచి వచ్చిన అతని మేనత్త ఆ ఫొటో చూసింది. "మొఖం జెదిరిన బొమ్మ ఇంట్ల పెడ్తరానే? నువ్వే సాగనంపినవ్" అంది. ఆ మాటతో నా మిత్రుడి భార్య ఫొటో తీసి బియ్యం డబ్బా వెనక దాచింది. అన్నం తినడం తగ్గించింది.

స్టూడియోలో లెన్సు సంగతి అడిగి తెలుసుకుని ఆమె దగ్గరికి వెళ్లాను. "అది లెన్సు పని చెల్లె" అన్నాను.

"లెన్సుకు ఆయన మీదేం పగ అన్నా?"

పగ లేదు, తెలివీ లేదు. చేయి వణికితే లోపలి సెన్సర్లు పసిగట్టి, ఒక గాజు ముక్కను ఎదురు దిక్కుకు జరుపుతాయి. బొమ్మ నిలకడగా ఉంటుంది. మనం కావాలని కెమెరాను పక్కకు తిప్పితే, ఆ పాత లెన్సు దాన్నీ వణుకే అనుకుని వెనక్కి లాగుతుంది. అందుకే చెట్టు నిలిచింది, మనిషి చెదిరాడు. కొన్ని లెన్సులు పక్కకు తిప్పే కదలికను వదిలేసి, పైకీ కిందికీ ఊగే వణుకును మాత్రమే సరిచేస్తాయి. దీనికి ఆ ఏర్పాటు లేదు. తిప్పేటప్పుడు లెన్సు మీదుండే ఆ వణుకు సరిచేసే స్విచ్చి ఆపేయాలి.

ఆమె అంతా విని, "ఆయన గూడ గిట్లనే మస్తు జెప్పేటోడు" అంది. నమ్మలేదు.

ఇంకోసారి అదే లెన్సు పట్టుకెళ్లి కెమెరా ఆమె చేతికిచ్చాను. "నేను ఉరుకుత, నువ్వు తియ్యి."

ఆమె చేతులు వెనక్కి తీసుకుంది. "వద్దన్నా. నీకు గూడ గట్లయితే వదినెకు నా మొఖమెట్ల సూపియ్యాలె?"

అరుగు మీది మేనత్త, "తియ్యవే. భయం లేదంటుండు గదా సారు" అంది.

కోళ్లను చెదరగొడుతూ వాకిలి ముందు ఉరికాను. కెమెరా వెనక తెరలో నా మొఖం అలికినట్టు వచ్చింది. స్విచ్చి ఆపి మళ్లీ తీయమన్నాను. ఒకటికి పదిసార్లు ఉరికాక మొఖం తేటగా వచ్చింది, వెనక కంచె గీతలు గీతలుగా సాగిపోయింది.

మేనత్త రెండూ చూసింది. "గిండ్ల పోయినవ్, గిండ్ల మల్లొచ్చినవ్. ఏందయ్యా సారూ?"

చెల్లె నవ్వింది. తెర మీది నా మొఖం చూస్తూ అంది: "గా దినం గీ స్విచ్చి ఆపితే ఆయన మొఖం ఉండేది."

"ఉండేది" అన్నాను. నాకూ కావలసింది ఫొటోలో చెదిరిపోయిన అతని నవ్వే. వాదన గెలిచినా అది రాదు. కానీ ఆ పూట ఆమె కడుపునిండా తిన్నది.

ఇలాంటి నింద మోసే మనిషి మీ వీధిలోనూ ఉంది. ఆమెకు ఉపన్యాసం ఇవ్వకండి. కెమెరా ఆమె చేతిలో పెట్టి, ఆమె ముందు మీరు ఉరకండి. ఇవాళే వెళ్లండి.