జంటగా వస్తేనే ఎడారి

మా ఆయనకు ఎడారి బహుమతిగా వచ్చింది. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. చిలకలూరిపేటకీ పర్చూరుకీ మధ్య ఒక చిన్న ఊళ్లో మాకు ఎరువుల కొట్టు ఉంది. విత్తనాలు, పురుగుమందులు కూడా అమ్ముతాం. మా వైపు కంపెనీలవాళ్లకు ఒక అలవాటుంది. వాళ్లు పెట్టిన టార్గెట్ అందుకున్న డీలర్లను ఏడాదికోసారి విమానం ఎక్కించి ఎటో ఒకవైపు తిప్పుకొస్తారు. పత్తి విత్తనాలమ్మిన మనుషులు బ్యాంకాక్‌లో పడవల మీద నిలబడి ఫొటోలు దిగి, ఆ ఫొటోలు తెచ్చి కొట్లో వెంకటేశ్వరస్వామి పక్కన తగిలిస్తారు. మా కొట్లో స్వామి ఒక్కడే ఉన్నాడు. మేం ఎప్పుడూ టార్గెట్ అందుకోలేదు.

ఈసారి అందుకున్నాం. దుబాయి. రెండు రోజులు ఊరు, ఆ తర్వాత ఎడారిలో గుడారాల్లో ఒక రాత్రి. అది జంటలకు మాత్రమే. వెనక ఎప్పుడో మగవాళ్లను మాత్రమే పంపిస్తే అక్కడ ఏవో గొడవలు చేసి వచ్చారట. అప్పట్నించీ భార్య వస్తేనే డీలరు వస్తాడని షరతు పెట్టారు. అంటే నేను ఊఁ అంటేనే మా ఆయన విమానం ఎక్కేది. నేను ఊఁ అనలేదు. నాకు భయం. 

ఎందుకో చెప్పాలంటే పోయిన మిరప కోతల దగ్గరికి వెళ్లాలి. ఆ రోజుల్లో మా ఊరంతా దగ్గుతూ ఉంటుంది. కల్లాల్లో ఎండబోసిన కాయలు తిరగేస్తున్నప్పుడు గాలి ఇటు మళ్లితే చాలు, ఇంట్లో కూర్చున్నవాళ్లకి కూడా ముక్కు కారుతుంది, గొంతు మండుతుంది, ఛాతీలో కారం రాసినట్టుంటుంది. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లం దాన్నొక జబ్బుగా లెక్కపెట్టం. ఆ రోజు మా ఆయన కల్లం చూసుకుని మధ్యాహ్నం ఇంటికొచ్చి, ఛాతీలో మంటగా ఉందన్నాడు. ఘాటు పట్టిందిలే అన్నారు మా అత్తగారు. ఘాటే అన్నాడు ఆయన కూడా. చల్లటి మజ్జిగ తాగి, కాసేపు నడుం వాల్చి, సాయంత్రం వెళ్లి కొట్టు తెరిచాడు. మా వీధిలో ఏ ఇంట్లోనైనా అదే జరిగేది. మర్నాడు పొద్దున బస్తాల మధ్య చెమటలు కారుతూ కూలబడితే, మందు కొనడానికొచ్చిన ఒక రైతు తన కారులోనే గుంటూరు చేర్చాడు.

ఆస్పత్రిలో నొప్పి ఎప్పుడు మొదలైందని డాక్టరు అడిగారు. స్ట్రెచర్ మీద పడుకుని కూడా మా ఆయన, నొప్పి కాదండీ, మిరపకాయల ఘాటండీ అన్నాడు. ఈ సీజన్లో వచ్చేవాళ్లంతా ముందు ఆ మాటే చెబుతారు, అందుకే ఆలస్యంగా వస్తారు అన్నారు డాక్టరు. గుండెపోటని తేల్చి స్టెంటు వేశారు. మనిషి దక్కాడు.

మనిషి దక్కాడు గానీ నాకు ధైర్యం దక్కలేదు. ఆయన దగ్గితే చాలు, చేతిలో పని చేతిలోనే ఆగిపోతుంది. అది ఘాటు దగ్గా, ఇంకోటా? ఎలా తెలుస్తుంది? ఆ రోజు ఆయనకే తెలియలేదు. తాలింపులో ఎండుమిరపకాయ వెయ్యడం మానేశాను. గుంటూరు జిల్లా ఆడదాన్నయ్యుండి మిరపకాయ లేని పప్పు వండుతున్నానని మా అత్తగారు పళ్లెం ముందు కూర్చుని రోజూ నిట్టూర్చేవారు. ఆస్పత్రి పప్పు అని పేరు కూడా పెట్టారు. పెట్టుకోనీ. మా ఆయన స్నానానికి వెళ్లి కాస్త ఆలస్యమైతే తలుపు కొట్టేదాన్ని. ఫోన్ ఎత్తకపోతే చెప్పులు కూడా వేసుకోకుండా కొట్టుకి పరిగెత్తేదాన్ని. ఆయన కొట్లో కూర్చుని యూరియా బస్తా మీద పేపరు పరుచుకుని చదువుకుంటూ ఉండేవాడు. ఏమైందే అనేవాడు. ఏం లేదు, ఊరికే వచ్చానని చెప్పి వగరుస్తూ తిరిగొచ్చేదాన్ని.

ఇలాంటి ఇంటికి ఎడారి వచ్చింది.

డాక్టరు వద్దంటారని నా నమ్మకం. మా ఆయన్ని వెంటబెట్టుకుని గుంటూరు వెళ్లి, వద్దనిపించే ప్రశ్నలన్నీ నేనే అడిగాను. విమానంలో అంతసేపు కూర్చోవచ్చా? అక్కడి ఎండకి తట్టుకుంటాడా? ఇసుకలో నడవొచ్చా? డాక్టరు అన్నిటికీ నవ్వుతూ తల ఊపారు. చలికాలం అక్కడ హాయిగా ఉంటుందట. గుండె బాగా పనిచేస్తోందట. ఇసుక దిబ్బల మీద ఎగిరెగిరి పడే జీపు ఒక్కటి మాత్రం వద్దు, మిగతావన్నీ సరదాగా తిరిగి రండి అన్నారు. మా ఆయన మొహం వెలిగిపోయింది. నాకైతే ఆ డాక్టరు మీద ఒళ్లు మండింది. డాక్టరుకేం, సంతకం పెట్టి పంపిస్తాడు. ఇసుకలో ఆయన పక్కన ఉండాల్సింది నేను.

ఇక్కడ కూలబడితే ఫలానా కొట్టాయన అని నలుగురూ ఎత్తుకుంటారు. ఎవరి కారో ఒకటి వస్తుంది. అక్కడ నేను ఎవర్ని పిలవను? ఏ భాషలో పిలవను? నాకొచ్చిన హిందీ టీవీ హిందీ. ఇసుకలోకి అంబులెన్సు వస్తుందా, వస్తే ఎంతసేపటికి వస్తుంది, ఈలోపు ఆయన తల ఒళ్లో పెట్టుకుని నేనేం చెయ్యాలి? పప్పు కడుగుతున్నా, బట్టలు ఆరేస్తున్నా ఇదే. ఎడారి నేనెప్పుడూ చూడలేదు గానీ, ఆయన పడిపోయే చోటు మాత్రం నాకు స్పష్టంగా కనిపించేది.

కంపెనీ తరఫున ప్రయాణాలు చూసే ఆఫీసులో ఒక అమ్మాయి ఉండేది. గలగలా మాట్లాడే పిల్ల. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు పంపేది. ఎడారిలో సూర్యుడు దిగేటప్పుడు ప్రతి జంటకీ విడిగా ఒక బల్ల వేస్తారట, దాని మీద కొవ్వొత్తులు పెడతారట. ఆడవాళ్లు ఎర్రటి బట్టలు తెచ్చుకోవాలి, ఇసుకలో ఫొటో బాగా వస్తుందట. మా ఆయన ఆ మెసేజ్‌లు కొట్లో పెద్ద సౌండు పెట్టి మళ్లీ మళ్లీ వినేవాడు. ఒంగోలు వెళ్లి నల్లద్దాలు కొనుక్కొచ్చాడు. తోటి డీలర్లు సెకండ్ హనీమూన్ అని ఆటపట్టిస్తే సిగ్గుపడిపోయేవాడు. మాకు మొదటిదెక్కడ? పెళ్లయిన వారానికే ఆయన పొగాకు కాల్చే బ్యారన్ దగ్గర కాపలాకి వెళ్లాడు. నేను క్యారియర్ కట్టి పంపించాను. ఆ పొగ వాసన చొక్కాతో ఇంటికొస్తే ఆ వాసనే మాకు సెంటు.

ఆయన సంబరం చూస్తే వద్దనడానికి నోరు రాదు. నా భయం చూస్తే ఊఁ అనడానికీ రాదు. ఆ అమ్మాయి అడిగినప్పుడల్లా రెండ్రోజుల్లో చెప్తానని వాయిదా వేశాను. చివరికి ఒక ఉపాయం ఆలోచించాను. ఇసుకలో నడవడం అలవాటు చేసుకుందాం, కొత్తపట్నం సముద్రానికి వెళ్దాం అన్నాను. పైకి రిహార్సలు. లోపల నా లెక్క వేరు. తడి ఇసుక మీద కాదు, పైన పడవలు లాగిపెట్టే చోట పొడి ఇసుకలో నడిపిస్తాను. ఆయాసపడతాడు. అప్పుడు చూశారా అంటాను. ప్రయాణం ఆగిపోతుంది. బెంగపడతాడేమో గానీ బతికుంటాడు.

ఆదివారం సాయంత్రం వెళ్లాం. పడవల పక్కన జాలర్లు వలలు బాగుచేసుకుంటున్నారు. మా ఆయన నల్లద్దాలు పెట్టుకుని, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, బయల్దేరాడు. పొడి ఇసుక కాళ్లను లోపలికి లాగేస్తుంది. నేను వెనకే నడుస్తూ ఆయన వీపే చూస్తున్నాను. భుజాలు ఎగురుతున్నాయా, ఊపిరి వినిపిస్తోందా? అలల హోరులో ఏం వినపడదు. ఆయన తగ్గలేదు. ఇంకా ముందుకి పోయాడు. అప్పుడు ఉన్నట్టుండి ఆగి, కుడి చెయ్యి ఛాతీ మీద పెట్టుకున్నాడు.

  అక్కడున్న మనుషులు, పడవలు, సముద్రం అన్నీ ఎటో పోయాయి, ఆ చెయ్యొక్కటే మిగిలింది. ఇసుకలో పడుతూ లేస్తూ వెళ్లి ఆయన చొక్కా పట్టుకున్నాను. ఆయన చొక్కా జేబులోంచి ఫోన్ తీస్తున్నాడు. నన్ను ఫొటో తీద్దామని.

నేను ఆయన మీద అరిచిన అరుపులకి జాలర్లు తలలెత్తి చూశారు. ఏం తిట్టానో నాకే గుర్తులేదు. ఆయన అద్దాలు తీసి, ఇసుకలో చతికిలబడ్డాడు. నేను ఏడుపు ఆపుకుంటూ పక్కన కూర్చున్నాను. అప్పుడు మాట్లాడాడు.

"కొట్టుకొచ్చే ప్రతివాడూ ముందు నా ఛాతీ వంక చూస్తన్నాడు. ఆ తర్వాత మందు అడుగుతన్నాడు. ఇంటికొస్తే నువ్వు చూస్తన్నావు. దగ్గడానికి కూడా భయమేస్తంది నాకు, నువ్వు హడలిపోతావని. నేను చచ్చి బతికినోడినని తెలియని మనుషుల మధ్య నాలుగు రోజులు తిరగాలని ఉంది. అంతే. ఆ బిల్డింగులూ అవీ నాకేం పట్టలేదు."

నేను కొంగుతో కళ్లు తుడుచుకున్నాను.

"ఇంకో సంగతి కూడా ఉంది. అక్కడ కల్లాలుండవు, ఘాటుండదు. ఛాతీలో మండిందంటే మండింది గుండేనని ఇద్దరికీ అప్పటికప్పుడే తెలిసిపోద్ది. ఇక్కడే కదా మనం మోసపోయింది. కానీ అక్కడికొచ్చి కూడా నువ్వు నా వంక ఇట్టాగే చూస్తా ఉంటావంటే మాత్రం వద్దు. మానేద్దాం."

ఆ మాట నాకు సూటిగా తగిలింది. ఇన్నాళ్లూ నేను ఆయన్ని కాపాడుతున్నాననుకున్నాను. నా చూపుకే ఆయన చిక్కిపోతున్నాడని తెలియలేదు. తెలిసినా చూడకుండా ఉండటం ఎలాగో తెలియదు. తిరిగొచ్చేటప్పుడు అద్దె కారులో ఆయన దగ్గొస్తే ఆపుకోవడం చూశాను. కిటికీ వైపు తల తిప్పుకున్నాను. భయం మాత్రం అలాగే ఉంది.

మర్నాడు మధ్యాహ్నం క్యారియర్ తీసుకుని కొట్టుకి వెళ్లాను. గిన్నెలు విప్పుతుంటే ఆ అమ్మాయి ఫోన్ చేసింది. ఇక ఆగడానికి లేదట, ఇవాళే చెప్పాలట, వస్తున్నట్టయితే మరి కొన్ని వివరాలు కూడా కావాలట. మా ఆయన నా వంక చూశాడు. నేను గిన్నెలోకి చూశాను. ఆయన స్పీకర్ పెట్టి, వివరాలడుగమ్మా, వచ్చేదీ లేందీ తర్వాత చెప్తాం అన్నాడు.

పాస్‌పోర్టులో పేరెలా ఉందో అడిగింది. తిండి శాకాహారమా అని అడిగింది. జీపు వద్దంటే గుడారాల దాకా మామూలు రోడ్డు మీద కారులో పంపిస్తామంది. ఆ తర్వాత అదే హుషారు గొంతుతో, "సర్, అక్కడ మీకేమైనా అయితే ఎవరికి చెప్పాలి?" అని అడిగింది.

ఇన్నాళ్లూ నా నోటితో నేను అనలేని మాటని ఆ పిల్ల కూరలో ఉప్పు సరిపోయిందా అన్నట్టు అడిగేసింది. నా చేతిలో మూత కింద పడింది. మా ఆయన మాత్రం తడుముకోలేదు. గడగడా నా నంబరు చెప్పాడు. మేడమ్ మీ పక్కనే ఉంటారు కదా సర్, ఇంకెవరిదైనా చెప్పండి అంది. ఆమె పక్కనుంటే ఇంకొకరితో పనేంటమ్మా అన్నాడు.

"సరే సర్. మరి మేడమ్‌కి ఏమైనా అయితే?"

మా ఆయన నోరు తెరిచాడు.  ఆ ప్రశ్న ఆయనకి ఎప్పుడూ తట్టలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ తట్టలేదు. జబ్బు చేసింది ఆయనకి, భయం నాది, అంతవరకే మేం పంచుకున్నాం. నాకేమైనా అవ్వొచ్చని మా ఇంట్లో ఎవరూ అనుకోలేదు. లైన్లో ఆ అమ్మాయి సర్, సర్ అంటోంది. మా ఆయన ఫోన్ మీద అరచెయ్యి అడ్డం పెట్టి, చిన్నపిల్లాడిలా, "నీకేం కాదుగా?" అన్నాడు.

ఆ మొహం నాకు తెలుసు. కోతలప్పట్నించీ అద్దంలో నేను రోజూ చూస్తున్న మొహమే అది. ఆయన చేతిలోంచి ఫోన్ తీసుకున్నాను.  చెప్పాను, "నాకేమైనా అయితే ఆయనకే చెప్పమ్మా. మేమిద్దరం వస్తన్నాం" అని.

ఫోన్ పెట్టేశాక అన్నం కలిపి ఆయన ముందు పెట్టాను. తినండి, చల్లారిపోతోంది అన్నాను. బయల్దేరేలోపు నువ్వు కూడా ఒకసారి గుంటూరులో చూపించుకో అన్నాడు. అలాగే అన్నాను. అప్పుడే బయట ఎవరో ట్రాక్టర్ మీంచి మందు బస్తాలు దించుతున్నారు, దుమ్ము లేచి నాకు దగ్గొచ్చింది. ఆయన ముద్ద వదిలేసి లేచి నిలబడ్డాడు.