ఎత్తు చెప్పే ముల్లు

హైదరాబాదులో పూజ సామాన్ల కొట్ల ముందు నిలబడి కొబ్బరికాయను చెవి దగ్గర పెట్టుకుని ఊపేవాళ్ళంటే నాకు పడదు. కళ్ళు సగం మూసుకుంటారు. కాయ ఏదో రహస్యం చెబుతున్నట్టు తల ఆడిస్తారు. అది చెప్పేది ఒక్కటే, లోపల నీళ్ళున్నాయని. ఆ సంగతి కొట్టువాడు కూడా చెబుతాడు. ఇన్నేళ్ళుగా పక్కన నిలబడి నేనేమీ అనలేదు. ఇక్కడ రాస్తున్నాను, అంతే.

మాది అంబాజీపేట దగ్గర ఊరు. మా నాన్నగారిది కురిడీ వ్యాపారం. ముదిరిన కాయల్ని అటక మీద పోసి ఏడాది పాటు వాటి జోలికి పోకుండా ఉంటే, లోపలి నీళ్ళు ఇంకిపోయి కొబ్బరి గుండులా ఊడి వస్తుంది. అదే కురిడీ. ఏ కాయ తయారైందో తెలుసుకోవాలంటే పగలగొట్టి చూడలేం కనక వేలి కణుపుతో కొట్టి వింటాం. ఈ అలవాటు కాయలతో ఆగలేదు. మా ఇంట్లో అందరూ అన్నిటినీ కొట్టి చూసేవారు. గోడ గడియారం, టార్చిలైటు, రేడియో, నా వీపు. చాలావరకు పనిచేసేవి.

తొంభైల చివర్లో, అమలాపురంలో బీఎస్సీ ఫిజిక్సు అయిపోయాక, నాకు విమానం నడపాలని బుద్ధి పుట్టింది. ఎందుకని మొదట్లో అడిగారు. తర్వాత ఏదో జబ్బనుకుని అడగడం మానేశారు. మా వైపు ఎత్తు అంటే ఏటిగట్టు. దాని పైన కొబ్బరిచెట్టు. ఆ పైన దేవుడు. మధ్యలో ఇంకేమైనా ఉందేమో చూద్దామనుకున్నానని ఇప్పుడైతే చెప్పగలను గానీ, అప్పుడు ఆ మాట తోచలేదు.

గోదావరి అవతల ఒక ఎయిర్‌స్ట్రిప్‌లో చిన్న శిక్షణ సంస్థ ఉండేది. ఇప్పుడు లేదు. ఒక రేకుల షెడ్డు, దాని పక్కన టవర్ అని పిలిచే మేడగది, రెండు సీట్ల పాత విమానం ఒకటి, మెకానిక్ గారు ఒకరు, అందరి మీదా చీఫ్ గారు. విద్యార్థులం ఇద్దరం. రెండోవాడు అంతర్వేది దగ్గర సముద్రపు ఒడ్డు వాడు. వాళ్ళది పడవల మీద బతికే ఇల్లు. ఇద్దరు మేనమామలు కలిసి వాణ్ణి అక్కడికి పంపారు. డిగ్రీ కంటే గాలి ఎక్కువ చదివినవాడు. పొద్దున్నే బయటికొచ్చి, ముక్కుతో గాలి పీల్చి, "పదకొండింటికి పడమర తిరుగుద్ది" అనేవాడు. తిరిగేది.

విమానంలో ఎత్తు చెప్పే పరికరాన్ని ఆల్టిమీటర్ అంటారు. గడియారంలా ఉంటుంది. నిజానికి దానికి ఎత్తు గురించి ఏమీ తెలియదు. దానికి తెలిసింది గాలి ఒత్తిడి ఒక్కటే. పైకి వెళ్ళేకొద్దీ ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి, తగ్గినదాన్ని అడుగుల్లోకి మార్చి ముల్లుతో చూపిస్తుంది. అయితే నేల దగ్గర ఒత్తిడి రోజుకో రకంగా ఉంటుంది. అందుకని దాని ముఖం మీద చిన్న కిటికీ, పక్కన ఒక మర ఉంటాయి. టవర్ వాళ్ళు రేడియోలో ఆనాటి అంకె చెబుతారు. మర తిప్పి కిటికీలో ఆ అంకె పెట్టాలి. అప్పుడు ముల్లు, సముద్రం నుంచి మనం ఎంత ఎత్తున ఉన్నామో చూపిస్తుంది. బంగాళాఖాతంలో వాయుగుండం పడిన రోజున నిన్నటి అంకెతో ఎగిరితే, మనం ఉన్నదానికంటే ఎత్తున ఉన్నామని అది ఎంతో మర్యాదగా చెబుతుంది. తప్పు దానిది కాదు. మనం చెప్పిన దాన్నిబట్టే అది చెబుతుంది.

ఇది అంకె సంగతి. ముల్లు సంగతి వేరు. అంకె సరిగ్గా పెట్టినా, లోపల పళ్ళచక్రాలు అరిగిపోయి ముల్లు అతుక్కుంటే ఎవరేం చేస్తారు? అందుకే బయల్దేరే ముందు, నేల మీద, అంకె పెట్టి చూడాలి. మా ఎయిర్‌స్ట్రిప్ ఎంత ఎత్తున ఉందో ముల్లు కూడా అంతే చూపించాలి. కొద్ది అడుగుల తేడా వస్తే ఒప్పుకుంటారు. అంతకు మించితే విమానం ఎగరకూడదు.

నేను ప్రతిరోజూ చూశాను. అంకె పెట్టి, అద్దం మీద వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి, ముల్లు సరైన చోట నిలబడగానే కాయితం మీద టిక్కు పెట్టేవాణ్ణి. కొట్టడం ఎవరూ నేర్పలేదు. అంబాజీపేట వాడికి నేర్పక్కర్లేదు. చీఫ్ గారు ఒకసారి చూసి, "బాగుంది, పాతకాలం పైలట్లు ఇలాగే చేసేవారు" అన్నారు కూడా. ఆ మెప్పుతో ఒక వారం బతికాను.

పరీక్ష దగ్గర పడింది. పరీక్ష తీసుకునే అధికారి హైదరాబాదు నుంచి ఒక్కరోజు కోసం వస్తారు. ఆ రోజు తప్పితే మళ్ళీ ఎప్పుడో ఎవరూ చెప్పలేరు. నాకంటే రెండోవాడికి తొందర ఎక్కువ. ఆ నెలతో వాడి మెడికల్ సర్టిఫికెట్టు గడువు అయిపోతుంది. మేనమామలు కూడా ఈ ఏడాది దాకానే డబ్బు కడతామని ముందే చెప్పేశారు. ఈసారి పాసైతే పైలట్టు, లేకపోతే పడవ.

అధికారి రావడానికి రెండు రోజుల ముందు నేను ఒంటరిగా ప్రాక్టీసుకు వెళ్ళాను. కొత్తపేట, రాజోలు, సముద్రం, వెనక్కి. వచ్చేటప్పుడు మూడువేల అడుగుల నుంచి వెయ్యికి దిగి, విమానాన్ని ఆ ఎత్తులోనే నిలబెట్టాలి. పరీక్షలో అదే అడుగుతారు. పలివెల గుడి కనిపించగానే దిగడం మొదలుపెట్టాను. ముల్లు వెయ్యి మీదకు వచ్చింది. నిలబెట్టాను. చాలా చక్కగా నిలబెట్టాను. చూసేవాళ్ళెవరూ లేరని కాస్త బాధ కూడా కలిగింది.

అప్పుడు కిందకు చూస్తే, ఒక కొబ్బరిచెట్టు మీద కాయలు కోసి దింపు తీసే మనిషి ఉన్నాడు. తలకు ఎర్ర తువ్వాలు. కత్తి ఎత్తినవాడు ఆపి, తల పైకెత్తి నావైపు చూశాడు.

వెయ్యి అడుగుల నుంచి కొబ్బరితోట ఆకుపచ్చ గొంగళిలా కనిపించాలి. దానిమీద దింపు మనిషి ఉన్నాడో లేడో తెలియకూడదు. అతను తల ఎత్తితే అసలే తెలియకూడదు. నేను పుట్టిందీ పెరిగిందీ ఆ చెట్ల కిందే. ఫిజిక్సులో నన్ను మోసం చేయవచ్చు, కొబ్బరిచెట్టు విషయంలో కష్టం.

కిటికీలో అంకె చూశాను. వెయ్యిన్నీ ఆరు. టవర్‌ని అడిగాను. వెయ్యిన్నీ ఆరే అన్నారు. అయితే అంకె తప్పు కాదు. అద్దం మీద కొట్టాను. ముల్లు గబుక్కున జారి, ఏడువందల దగ్గర నిలబడింది. ఇంజిను అదురుకి కూడా కదలనిది నా వేలికి కదిలింది. నేను కూడా కదిలి, కాస్త త్వరగానే, మళ్ళీ వెయ్యికి ఎక్కాను. అక్కడి నుంచి షెడ్డు దాకా దాన్ని కొడుతూనే వచ్చాను.

దిగి, ఇంజిను ఆపి, సీట్లోంచి లేవకుండా కూర్చున్నాను. భయం వల్ల కాదు. లెక్క అప్పుడు తెలిసింది. ముల్లు ఎన్నాళ్ళ నుంచి అతుక్కుంటోందో ఎవరికీ తెలియదు, ఎందుకంటే నేను ప్రతి ఉదయం కొట్టి ఆ తర్వాత చూశాను. ముందు చూసి, తర్వాత కొట్టాల్సింది. దానిచేత బలవంతంగా నిజం చెప్పించి, నిజం చెప్పిందని టిక్కు పెట్టినవాణ్ణి నేనే. మా అటక మీద కాయకి కొట్టడమే పరీక్ష. దీనికి కొట్టడం వైద్యం. రెండూ ఒకటనుకున్నాను.

షెడ్డులో లోపాలు రాసే పుస్తకం ఒకటి ఉండేది. ప్రతి పేజీకీ నంబరు ఉంటుంది, చింపితే తెలిసిపోతుంది. అందులో ఏదైనా రాస్తే, మెకానిక్ గారు బాగుచేసి సంతకం పెట్టేదాకా విమానం కదలకూడదు. అందుకని దాన్ని అందరూ ఎంతో గౌరవించి, ముట్టుకునేవారు కాదు. నేను తెరిచి రాశాను. "దిగేటప్పుడు ఆల్టిమీటర్ ముల్లు అతుక్కుంటోంది. మూడువందల అడుగులు ఎక్కువ చూపించింది. కొడితే దిగింది." కింద సంతకం.

సిరా ఆరకముందే చీఫ్ గారు వచ్చేశారు. చదివారు. కళ్ళజోడు తీసి మళ్ళీ చదివారు.

"కొట్టారా?"

"కొట్టేనండీ."

"దిగిందా?"

"దిగిందండీ."

"మరింకేం? పరీక్ష రోజు కూడా కొట్టండి."

"ఎప్పుడు కొట్టాలో ఎలా తెలుస్తుందండీ? ఇవాళంటే కింద ఎర్ర తువ్వాలు ఉంది. మేఘం అడ్డొస్తే?"

"మేఘంలోకి వెళ్ళే లైసెన్సు మీకు లేదు."

"ఆయ్, నాకు తెలుసండీ. మేఘానికి తెలియాలి కదా."

ఆయన నవ్వలేదు. నవ్వుతారని నేనూ అనుకోలేదు. "కింద ఇంకో లైను రాయండి. పొరపాటుగా గమనించాను అని. ఈ మీటరు విప్పి హైదరాబాదు పంపితే ఎన్నాళ్ళో తెలుసా? పరీక్ష పోతుంది. మీదీ, వాడిదీ."

"పొరపాటుగా గమనించి ఉంటే సంతోషంగా రాసేవాణ్ణండీ."

"నేను రికమెండ్ చేయకపోతే మీరు ఏ పరీక్షకీ వెళ్ళలేరు."

"ఆయ్."

"ఆయ్ అంటే ఏమిటి? రాస్తారా, రాయరా?"

"రాయనండీ. మీరు రాయండి. కింద మీ సంతకం పెట్టండి. నేను వద్దనను."

ఆయన పెన్ను తీశారు. మూత కూడా తీశారు. కాసేపు చూసి, మూత పెట్టి, జేబులో పెట్టుకున్నారు. మీటరు మీద ఆయనకి నాకంటే ఎక్కువ నమ్మకం లేదని అప్పుడు అర్థమైంది. పక్కన మెకానిక్ గారు మాత్రం ఎంతో శ్రద్ధగా ఒక స్పానరు తుడుస్తున్నారు. అది అప్పటికే శుభ్రంగా ఉంది.

సాయంత్రం ఎస్టీడీ బూతు నుంచి మా నాన్నగారికి ఫోను చేశాను. అంతా విన్నారు.

"రాసింది కొట్టేయమంటున్నారేంట్రా?"

"ఆయ్. కొట్టేస్తే ఏమీ కాకపోవచ్చు నాన్నగారూ."

"బాగుండొచ్చు అన్న కాయని అటకెక్కిస్తామా?"

"ఎక్కించం."

"మరి నన్నడుగుతావేంట్రా. పరీక్ష మళ్ళీ పెడతార్లే. అన్నం తిన్నావా?"

మర్నాడు మెకానిక్ గారు మీటరు విప్పారు. డ్యాష్‌బోర్డులో గుండ్రటి కన్నం మిగిలింది. అధికారికి రావద్దని కబురు వెళ్ళింది. హైదరాబాదులో ఆ మీటరులో ఏం దొరికిందో నాకు ఎవరూ చెప్పలేదు. ఏమీ దొరక్కపోతే మాత్రం చెప్పడానికి షెడ్డంతా వరస కట్టేదని నా నమ్మకం. మీటరు లేని విమానం ఎలాగూ ఎగరదు, అది తిరిగొచ్చినా నాకు ఎగిరే వంతు లేదని చీఫ్ గారు చెప్పేశారు. ఖాళీగా ఉండడం ఎందుకని ఆ పుస్తకం నేనే రోజూ తెరిచేవాణ్ణి. దిక్సూచిలో బుడగ ఉందని రాశాను. గడియారం ఆగిపోయిందని రాశాను. ఎడమ సీటు బెల్టు ఊడి వస్తోందని రాశాను. అన్నీ నిజాలే. ఎవరూ కొట్టేయలేదు. అంతకుముందు ఏడాదిలో రాసినదానికంటే నేను ఆ వారంలో రాసింది ఎక్కువ. గోడకి వేలాడదీసిన టిక్కుల కాయితం మీద కూడా పెన్సిలుతో "ముందు చూడు, తర్వాత కొట్టు" అని రాశాను. చీఫ్ గారు దాన్ని చెరిపేశారు. మళ్ళీ రాశాను. మూడోసారి పెన్నుతో రాశాను.

ఇప్పటికీ అదే అంటాను. ఆ పుస్తకం మళ్ళీ నా ముందు పెడితే ఆ మూడు వాక్యాలే రాస్తాను. అక్షరదోషాలుంటే దిద్దుతాను.

ఆ వారమంతా రెండోవాడు నాతో మామూలుగానే ఉన్నాడు. మాట్లాడేవాడు, కలిసి తినేవాడు, ఆ సంగతి తప్ప అన్నీ అనేవాడు. నెలాఖరుకి ట్రంకుపెట్టె సర్దుకున్నాడు. రాజోలు బస్సు దాకా పెట్టె ఒక చివర నేను పట్టుకున్నాను. దారంతా చెప్పాల్సిన మాటలు పేర్చుకున్నాను. బస్సు ఇంజిను ఆపకుండా నిలబడింది. పెట్టె పైకి ఎక్కించాక చెప్పాను. దిగేటప్పుడు ముల్లు మూడువందలు ఎక్కువ చెప్పే ఆ విమానాన్నే పరీక్షలో నువ్వూ ఎక్కి ఉండేవాడివి, రన్‌వే ముందు కొబ్బరితోట ఉంది, ఆ రోజు మంచు పడి ఉంటే నీ ప్రాణం పోయేది, నేను రాసింది నీ కోసం కూడాను అని. అంతా సవ్యంగా, ఫిజిక్సుతో సహా చెప్పాను.

వాడు మెట్టు మీద నిలబడి పూర్తిగా విన్నాడు. కండక్టరు తలుపు మీద రెండుసార్లు కొట్టాడు.

"నువ్వు రాసింది తప్పని నేనన్లేదురా. నీకేం, వచ్చే ఏడు కూడా మీ నాన్నగారు పంపుతారు."