న్యూట్రినోకు మా అక్క అడ్డం పెట్టిన చద్దరు

మా చిన్నప్పుడు... మధ్యాహ్నం వంటపని కాగానే మా అక్క బీడీల చాట ఒళ్లో పెట్టుకుని గడప దగ్గర కూర్చునేది. ఇంటికంతా ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోన్ నా చేతికిచ్చి, ఒక గ్రూపులో వచ్చిన మెసేజ్‌లు చదవమనేది.

సోలాపూర్ భవాని పేట్‌లో మా గల్లీ అంతా ఆ వేళకు సీరియళ్లు నడిచేవి. మా ఇంట్లో మాత్రం ఎలక్ట్రాన్లు, క్వార్కులు... తెలుగులో ఫిజిక్స్ మాట్లాడుకునే గ్రూపు అది. ప్రొఫెసర్లెవరూ లేరు. ఒక మందుల షాపాయన, ఒక రిటైరైన కండక్టరు, బట్టలు కుట్టే ఒకావిడ... అందరూ సరదాకొద్దీ చేరినవాళ్లే. పదో తరగతితో బడి ఆగిపోయిన మా అక్కకు అదంటే ప్రాణం. కానీ ఒక్కసారీ నోరు విప్పలేదు.

ఒకరోజు ఎవరో అడిగారు... న్యూట్రినోలనే అతి చిన్న కణాలు మన ఒంట్లోంచి, భూమిలోంచి కూడా ఎలా దూసుకుపోతాయని. అక్క ఆగలేకపోయింది. చేతులకు తంబాకు, అందుకని మైకు నన్ను నొక్కమంది.

"నూలు సందులకెల్లి గాలి పోయినట్టు పోతయి. చద్దరు నేత గట్టిగ కొడితే ఆగుతయి."

నేతగాళ్ల పిల్ల మరి, ఇంకెలా ఆలోచిస్తుంది! వెనక మా నాయన మరమగ్గం చప్పుడు కూడా ఆ వాయిస్‌లో పడింది.

ఇది ఫిజిక్స్ గ్రూపా, చద్దర్ల దుకాణమా అని ఒకాయన రాశాడు. నవ్వే బొమ్మలు వరసకట్టాయి. మందుల షాపాయన మాత్రం మర్యాదగా చెప్పాడు... సందుల వల్ల కాదమ్మా, ఎలక్ట్రానూ అంత చిన్నదే, కానీ దాన్ని పల్చటి రేకు ఆపేస్తుంది, న్యూట్రినోకు దేనితోనూ దాదాపు పనే ఉండదు, అందుకే పోతుంది అని.

అక్క మొహం చిన్నబోయింది. "బస్ ఝాలం, ఇగ చాలు, ఈ గ్రూపు వద్దు నాకు. తీసెయ్" అంది. నాకు ఏడుపొచ్చింది. అది పోతే అక్కకు చాట తప్ప ఇంకేం మిగలదని నాకు తెలుసు.

తునికాకు కత్తిరిస్తున్న అమ్మ తలెత్తకుండానే అంది, "తప్పైతే తప్పని చెప్పు. అడిగేదుంటే అడుగు. పారిపోవుడేంది?"

అక్క ఇంకో రెండు బీడీలు చుట్టింది. తర్వాత మళ్లీ మైకు నొక్కించింది.

"నేను చెప్పింది తప్పే. మరి దేనితోని పనిలేకుంట పోయేదాన్ని, అది ఉన్నదని మీరెట్ల పట్టిండ్రు?"

ఆ తర్వాత రోజుల తరబడి అదే చర్చ. కోట్లానుకోట్లలో ఎప్పుడో ఒకటి తగులుతుందని, అది తగిలే దాకా భూమి లోపల పెద్ద పెద్ద నీళ్ల ట్యాంకులు పెట్టి కాచుకుంటారని ముందుగా వెతికి తెచ్చింది ఎవరనుకున్నారు... ఆ దుకాణం మాట అన్నాయనే!

ఇవాళ ఆ గ్రూపును నడిపేది మా అక్కే. కొత్తవాళ్లు తప్పు చెబితే ఒక్కరినీ నవ్వనివ్వదు. చెప్పుకోవాలంటే ఇప్పటికీ నా ఛాతీ ఉబ్బుతుంది.

గ్రూపు పల్చబడింది లెండి... ఏదడిగినా ఫోనే క్షణంలో చెప్పేస్తోంది. నలుగురిలో తప్పు చెప్పి, నవ్వులపాలై, అయినా పారిపోకుండా మళ్లీ అడిగే మనుషులే తగ్గిపోయారు. మా ఇంట్లో ఒకామె ఉంది. మీ ఇంట్లోనూ ఉంటే వాళ్లేం అడిగారో కింద రాయండి... అక్కకు చూపిస్తాను.