ఏటి వీధిలో అద్దె తక్కువ

మూడో నంబరు పోస్టుకు మేం చేరింది జూన్ మొదటి వారంలో, మధ్యాహ్నం రెండుంబావుకు. రోడ్డు ఆగిపోయిన చోటి నుంచి ఆరు గంటల నడక. ఒక్కొక్కరి వీపున ఇరవై ఎనిమిది కిలోలు. బయల్దేరినప్పుడు ఎండ. పైకి చేరేసరికి మబ్బు కమ్మి, పది అడుగుల అవతల మనిషి కనబడలేదు. రాళ్లు పేర్చి రేకులు కప్పిన బంకర్లు మూడు. ఒక సోలార్ పలక. ఒక రేడియో సెట్. తొమ్మిది మంది మనుషులు. కింద నిట్టనిలువు లోయలో ఏరు. పోస్టు నుంచి అది కనబడదు, వినబడుతుంది. మొదటి రెండు రాత్రులు ఆ హోరుకు నిద్ర పట్టలేదు. తర్వాత అలవాటైపోయింది.

అది అరుణాచల్ ప్రదేశ్. పోస్టు అసలు పేరు రాయను. ఆ ఏరు కొండలు దిగి అస్సాంలోని ఒక చిన్న ఊరి పక్కగా పోతుంది. మా బెటాలియన్ సామాను, ఆఫీసు, కొంతమంది జవాన్లు ఆ ఊళ్లోనే ఉన్నారు. దాన్ని మేం బేస్ అనేవాళ్లం.

మా హవల్దారు గఢ్వాల్ మనిషి. మాటలు తక్కువ. చేరిన రోజే మూడు ఆర్డర్లు చెప్పాడు. తడి బూట్లతో పడుకోవద్దు. లోయ అంచున ఒంటరిగా నిలబడొద్దు. రేడియో బ్యాటరీ వృథా చేయొద్దు.

మూడో వారం బేస్ నుంచి కబురొచ్చింది. అక్టోబరులో బెటాలియన్ అంతా ఆ ఊరికి దిగుతుంది, రెండేళ్లు అక్కడే. కుటుంబాన్ని తెచ్చుకోవాలనుకునేవాళ్లు పేర్లివ్వాలి. క్వార్టర్లు కొన్నే. దొరకనివాళ్లు బయట అద్దెకు చూసుకోవాలి.

ఆ సాయంత్రమే మా రేడియో ఆపరేటర్ ఒక కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. అతనిది కొమరోలు పక్క పల్లె. నాది మార్కాపురం. ఆ పోస్టులో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే. సైన్యంలో చేరకముందు నేను పలకల ఫ్యాక్టరీలో రెండేళ్లు లెక్కలు రాశాను. అది అతనికి తెలుసు.

"న్నా, ఈడుంటే ఎంత, ఆడికి పోతే ఎంత, ఒకసారి లెక్క కట్టి చెప్పు. నీకూ నాకూ ఒకటే లెక్క గదా."

కాగితం మధ్యలో గీత గీశాను. ఎడమవైపు మా ఊళ్లు. కుడివైపు ఆ ఊరు. అద్దె, బియ్యం, పాలు, గ్యాసు, బడి ఫీజు, ఏడాదికోసారి రైలు ఖర్చు. అక్కడి ధరలు రేషన్ మోసుకొచ్చే జవాను చెప్పాడు. హిందీ ప్రాంతంవాడు. రెండేళ్లుగా బేస్‌లో ఉంటున్నాడు. పెద్ద రోడ్డు మీద రెండు గదులకు ఆరు వేలు. ఏటి పక్క వీధిలో అవే రెండు గదులు రెండున్నర వేలు. పెరట్లో చేతిపంపు. ఆ వీధిలో మంచాల కోళ్ల కింద నాలుగేసి ఇటుకలు పెడతారని కూడా చెప్పాడు. అది అక్కడి అలవాటేమో అనుకున్నాను. రాసుకోలేదు.

"నీళ్లకు ఎంత రాసినావన్నా?" అన్నాడు ఆపరేటర్.

"సున్నా. పంపు ఉంది గదా."

అతను ఆ సున్నా మీద వేలు పెట్టాడు. "మా ఇంటికాడ రెండు బోర్లూ ఎండిపోయినాయి. ట్యాంకరు ఏడు నూర్లు. మా అమ్మ పొద్దన్నే బిందెలు పెట్టుకోని వరసలో నిలబడతాది. మోకాళ్లు వంగవు. సొంతిల్లు ఉంటే ఏం లాభం? ఈ సున్నా ఒక్కటి చాలు నాకు."

మొత్తం వేశాను. ఏటి వీధి అయితే జీతంలో నెలకు నాలుగు వేలు మిగులుతుంది. ఆ వరుస పక్కన టిక్కు పెట్టాను. ఆ టిక్కు పెట్టింది నేనే.

వారానికోసారి రేషన్ పార్టీ వెంట శాటిలైట్ ఫోన్ వచ్చేది. మనిషికి మూడు నిమిషాలు. ఆ ఆదివారం నా భార్య కాశమ్మకు లెక్క మొత్తం చదివి వినిపించాను. వాళ్ల నాన్నకు గిద్దలూరులో కిరాణా దుకాణం ఉంది. ఆమె చిన్నప్పటి నుంచి ఆ గల్లాపెట్టె దగ్గర పెరిగింది.

"పక్క వీధిలో ఆరు వేలు, ఈ వీధిలో రెండున్నర వేలా?" అంది. "అంత తక్కువకు ఎందుకిస్తన్నారంట?"

"ఆడ అన్నీ తక్కువే."

"కనుక్కో. మా నాయన ధర తగ్గించినాడంటే సరుకులో ఏందో ఉన్నట్టే. ఊరికే ఎవురూ తగ్గించరు."

"మూడు నిమిషాలే ఇస్తారు నాకు. పాపకివ్వు ఫోను."

"ఇస్తా గానీ, ఒక మాట ఇను. పాప పరీక్షలయ్యేదాకా మేం కదలం. నువ్వు ముందు పోయి చూడు. ఆ తర్వాతే మేము."

చిరాకేసింది. ఆమె అడిగిన మాట ఆపరేటర్‌కు చెప్పలేదు. చెబితే నా లెక్క మీద అనుమానం పడ్డట్టవుతుందనిపించింది.

అక్టోబరు దాకా ఆగకుండా, జులై ఆఖర్లోనే ఆపరేటర్ భార్య, ఆరేళ్ల కొడుకు, తల్లి ఆ వీధికి మారారు. బామ్మర్ది తీసుకెళ్లి దింపి వచ్చాడు. మొదటి ఆదివారం ఫోన్ పెట్టేసి అతను నా బంకర్‌కు పరుగెత్తుకొచ్చాడు.

"మా అమ్మ పంపు కొడతా నవ్వతాందంట న్నా. ఎన్ని బిందెలు పట్టినా నీళ్లు అయిపోలేదంట!"

ఆగస్టు మూడో వారంలో వాన పట్టుకుంది. పదకొండు రోజులు తెరిపి లేదు. దుప్పట్లు ఆరలేదు. రైఫిళ్లకు రోజుకు రెండుసార్లు నూనె పెట్టాం. కింది బాట రెండు చోట్ల కూలింది. రేషన్ పార్టీ ఆగిపోయింది. భోజనం ఒక పూటకు తగ్గింది. సోలార్ పలక మీద ఎండ పడక రేడియో బ్యాటరీలు ఒక్కొక్కటీ దిగిపోయాయి. ఆరు గంటలకోసారి రిపోర్టు, మిగతా సమయం సెట్ ఆపేయమని హవల్దారు ఆర్డరు.

పన్నెండో రోజు పొద్దున ఐదు యాభైకి వంటవాడు బంకర్‌లోకి వచ్చాడు. చేతిలో ఖాళీ గిన్నె.

"ఏరు ఆగిపోయింది," అన్నాడు.

అందరం లేచి బయట నిలబడ్డాం. వాన పడుతూనే ఉంది. రేకుల మీద చినుకుల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. మూడు నెలలుగా పగలూ రాత్రీ ఉన్న హోరు లేదు.

హవల్దారు నన్నూ ఇంకొకర్నీ తాడిచ్చి లోయ అంచుకు పంపాడు. ఏడు పదికి చూశాం. ఎదుటి కొండ సగం జారి ఏట్లో అడ్డంగా పడి ఉంది. ఇవతల ఏటి అడుగు బయటపడింది. తడి రాళ్లు, అక్కడక్కడా గుంటల్లో బురద. అవతల నీళ్లు నిలిచి, ఎర్రగా, చెట్లతో సహా పైకి లేస్తున్నాయి. ఒక బండ మీద గుర్తు పెట్టుకుని గడియారం చూశాను. పది నిమిషాలకు జానెడు.

మంచాల కింద ఇటుకలు ఎందుకో అప్పుడు అర్థమైంది.

ఏడు నలభైకి ఆపరేటర్ సెట్ ఆన్ చేశాడు. హవల్దారు బ్యాటరీ మాట ఎత్తలేదు.

"బేస్, ఇది మూడు. కొండ జారి ఏటికి అడ్డం పడింది. వెనక నీళ్లు నిలుస్తున్నాయి. కట్ట తెగితే కింద ఊరికి ప్రమాదం. ఏటి వీధి మొత్తం ఖాళీ చేయించండి. ఓవర్."

"మూడు, ఇది బేస్. మళ్లీ చెప్పు. ఏటి వీధి అన్నావా? ఓవర్."

"ఏటి వీధి. ఓవర్."

అరగంటకోసారి నీటిమట్టం పంపాడు. గొంతు మారలేదు. వేళ్లు మాత్రం లాగ్ బుక్ అంచును చింపుతూనే ఉన్నాయి. తొమ్మిదిన్నరకు నేను ఉండబట్టలేక అన్నాను.

"మీవాళ్ల పేర్లు చెప్పు రా. ఇంటి గుర్తు చెప్పు. ముందు వాళ్లను తీస్తారు."

"వీధి పేరు చెప్పినా గదన్నా. వీధంతా లెయ్యాల. నేను మా ఇల్లని చెప్తే పక్కింటోళ్ల సంగతేంది?"

పదకొండు పదికి బేస్ చెప్పింది: మా జవాన్లు ఆ వీధిలోకి వెళ్లారు, ఇంటింటికీ చెబుతున్నారు. ఆపరేటర్ తల వాల్చి ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు.

పన్నెండు ముప్పై ఐదుకు కట్ట తెగింది. ముందు నేల వణికింది. తర్వాత చప్పుడు. బంకర్ గోడలో రాళ్లు కదిలాయి.

"బేస్, ఇది మూడు. తెగింది. తెగింది. ఓవర్."

బేస్ అందుకుంది. ఒంటిగంట ఇరవైకి ఆఖరి బ్యాటరీ చచ్చిపోయింది. నీళ్లు ఆ ఊరికి చేరడానికి రెండు గంటలు పడుతుంది. అంటే అవి చేరే వేళకు మాకు ఏమీ వినబడదు.

నాలుగు రోజులు అట్లాగే గడిచాయి. ఆపరేటర్ చెవుల నుంచి హెడ్‌ఫోన్ తీయలేదు. సెట్ పనిచేయడం లేదని అందరికంటే అతనికే బాగా తెలుసు. వంటవాడు అన్నం తెచ్చి పక్కన పెట్టేవాడు, తీసుకెళ్లేవాడు.

ఐదో రోజు రేషన్ పార్టీ బాట చేసుకుంటూ పైకి వచ్చింది. హవల్దారుకు ఒక చీటీ ఇచ్చారు. ఆయన చదివి, టోపీ తీసి, ఆపరేటర్ ముందు కూర్చున్నాడు. భార్య, కొడుకు క్షేమం. తల్లి లేదు.

అతనికి తోడుగా నన్ను కిందికి పంపారు. ఆరు గంటల బాట తొమ్మిది గంటలు పట్టింది. సగం దిగాక నేను ఆగాను.

"అంత తక్కువకు ఎందుకిస్తన్నారని కాశమ్మ అప్పుడే అడిగింది రా. నీకు చెప్పలా నేను."

అతను వెనక్కి తిరగలేదు. వాన నీళ్లు మెడ మీది నుంచి కారుతున్నాయి.

"ఇప్పుడన్నా చెప్పకుండా ఉంటే బాగుండు న్నా," అన్నాడు. మళ్లీ నడిచాడు.

అక్టోబరులో పోస్టు వేరేవాళ్లకు అప్పగించి దిగాం. నాకు సెలవిచ్చారు. మార్కాపురం స్టేషన్‌లో దిగేసరికి పొద్దున పది. ఎండ కళ్లలో పొడిచింది. కాశమ్మ, పాప ఆటో దగ్గర నిలబడి ఉన్నారు. మా కాపురం ఆ తర్వాత ఏ రాష్ట్రానికీ మారలేదు. సర్వీసు అయిపోయేదాకా నేను ఒక్కణ్నే తిరిగాను. ఆపరేటర్ కుటుంబం కొమరోలుకు తిరిగి వచ్చేసింది. ఎప్పుడైనా బస్టాండులో ఎదురుపడితే "బాగుండావా న్నా" అంటాడు. బాగున్నానంటాను.

"ఆ పెద్దామె ఎట్ల పోయింది?" అని నేను సెలవుకు ఇల్లు చేరిన రాత్రి కాశమ్మ అడిగింది. చెప్పాను. కోడలు పిల్లవాణ్ని తేవడానికి బడికి పోయింది. తిరిగి వీధిలోకి రానివ్వలేదు. అత్తను జవాన్లు తెచ్చేసి ఉంటారనుకుంది. పెద్దామె ఇంట్లోనే ఉంది, లోపల గడియ పెట్టుకుని. ఇంతవరకే చెప్పాను. మిగతాది ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదు.

నేనూ ఆపరేటరూ ఆ ఊరు చేరిన రోజు ఆ వీధిలో మోకాలెత్తు బురద. రేషన్ మోసుకొచ్చే జవాను అక్కడ మా కోసం ఎదురుచూస్తున్నాడు. ఆ ఇంటికి వెళ్లి చెప్పింది అతనే. హిందీలో చెప్పాడట: అమ్మా, ఏరు వస్తోంది, బయటికి రండి. ఆమె అతని యూనిఫాం చూసింది. నవ్వింది. తల ఊపింది. అర్థమైందనుకుని అతను పక్కింటికి వెళ్లాడు. ఆమెకు తెలుగు తప్ప రాదని అతనికి తెలియదు. "ఇలా చేసింది సాబ్, నాకు అప్పుడు తెలియలేదు," అంటూ ఆపరేటర్ ముందే చేసి చూపించాడు. వంగి, లేని స్టూలును రెండు చేతులతో ముందుకు జరిపాడు. లేని కొంగుతో దాన్ని తుడిచాడు. కొడుకు పంపిన మనిషి వచ్చాడని ఆమె అనుకుంది. ఆమె చేసినట్టే, కూర్చోమని చెయ్యి చూపించాడు.