ఎర్రదీపం వెలగని శనివారం

బందరు వదిలి మెల్‌బోర్న్‌కి వచ్చిన కొత్తలో, నా చిన్నప్పుడు, ఇంటి గడప దాటితే నాకు నోరు పెగిలేది కాదు. హైస్కూల్లో చేరగానే నేను పాఠం చదివిన తీరును వెనక వరుస పిల్లలు అనుకరించి నవ్వారు. ఇప్పుడు తలచుకుంటే అదేమంత పెద్ద అవమానం కాదు. కాని ఆ నవ్వు నా చెవుల్లో ఉండిపోయింది. స్కూల్లో ఆగిన మాట మెల్లగా చర్చిలోనూ ఆగింది. తెలుగు ఆరాధనలో వాక్యం చదవమంటే తల అడ్డంగా ఊపేదాన్ని. ఇంట్లో అంత వాగే పిల్ల బయట మూగదైపోయిందేమిటని అమ్మ నాన్నతో అంటూ దిగులుపడేది.

మా చర్చిలో ఒక అంకుల్ ఉండేవారు. వారమంతా రైల్వేలో ఉద్యోగం. శనివారం మధ్యాహ్నం మాత్రం, వంతులవారీగా అన్ని భాషలవాళ్లూ నడుపుకునే చిన్న కమ్యూనిటీ రేడియోలో తెలుగు కార్యక్రమం చేసేవారు. అందుకని అందరికీ ఆయన రేడియో అంకుల్. ఆయన దగ్గర పాత సామాన్ల దుకాణంలో దొరికిన క్యాసెట్లు ఉండేవి. టీవీలు రాకముందు అమెరికా రేడియోలో వచ్చిన వినోద కార్యక్రమాలవి. ఆదివారం ఆరాధన అయ్యాక పిల్లల్ని ఇంటికి పిలిచి, ఆంటీ వండిన కోడిపలావు పెట్టించి, అవి వినిపించేవారు.

వెనక పెద్ద వాద్యబృందం. ముందు చమత్కారంగా మాట్లాడే వ్యాఖ్యాత. వారం వారం అతిథులుగా సినిమా తారలు. ఒకరు పాడేవారు, ఒకరు నవ్వించేవారు, మధ్యలో సబ్బు ప్రకటన కూడా పాటలాగే వచ్చేది. తెరమీద రాజుల్లా వెలిగే మనుషుల్ని వ్యాఖ్యాత ఆటపట్టిస్తే, అందరికంటే గట్టిగా వాళ్లే నవ్వేవారు. నవ్వులపాలైనవాళ్లు అలా ఎలా నవ్వగలరో నాకు అంతుపట్టేది కాదు. ఇంగ్లీషు సగమే అర్థమయ్యేది. అయినా మిగతా పిల్లలు క్రికెట్ ఆడుకోవడానికి పరుగెత్తాక, నేనొక్కదాన్నే కూర్చుని వినేదాన్ని. అంకుల్ అది గమనించారని అప్పుడు తెలియదు.

ఆ ఏడాది క్రిస్మస్‌కి తెలుగులో అలాంటి కార్యక్రమం ఒకటి చెయ్యాలని ఆయన పట్టుబట్టారు. మన తారలు మనకు లేరా అన్నారు. హార్మోనియం వాయిస్తూ పద్యాలు పాడే డాక్టరుగారు, ఎవరి గొంతునైనా అనుకరించే నర్సు ఆంటీ ఆయన తారలు. గంభీరమైన గొంతున్న ఇంజినీరు అంకుల్ వ్యాఖ్యాత. నా పని కాగితాలు వరసగా అందించడం. నోరు తెరవక్కర్లేదు కదా అని ఒప్పుకున్నాను.

స్టూడియోలో జరిగే రిహార్సల్స్‌కి ఇంజినీరు అంకుల్ ఎప్పుడూ ఆలస్యంగానే వచ్చేవారు. ఆయన వచ్చేదాకా ఆయన మాటలు నన్ను చదవమనేవారు రేడియో అంకుల్. "మైక్ ఆఫ్‌లో ఉందమ్మా. ఉన్నది మనమే కదా, చదివెయ్" అనేవారు. మొదట గొణిగాను. నాలుగు గోడలకూ మెత్తటి పలకలు బిగించిన గది అది. అందులో నా గొంతు ఎటూ పోకుండా నా దగ్గరే ఉండేది. నన్ను వెక్కిరించేవాళ్లు లేరు. రానురాను పలుకు తేటపడింది.

మెల్‌బోర్న్‌లో డిసెంబరంటే వేసవి; కార్యక్రమం రోజు ఎండ మండిపోతోంది. స్టూడియో తలుపు పైన ఎర్రదీపం ఉంటుంది. అది వెలిగితే లోపల పలికిన ప్రతి మాటా బయటికి వెళుతున్నట్టు లెక్క. నేను వెళ్లేసరికి అంకుల్ కంగారుగా కనిపించారు. "ఇంజినీరు అంకుల్ ట్రాఫిక్‌లో స్టక్ అయ్యారంట. టైముందిలే, ఈలోగా ఫుల్ రిహార్సల్ ఒకటి వేసేద్దాం. నువ్వు చదువు" అన్నారు. నేను దీపం వైపు చూశాను. వెలగలేదు. చదవడం మొదలుపెట్టాను.

డాక్టరుగారు పద్యం అందుకుని, రాగం తీస్తూ తీస్తూ ఎంతకీ ఆపలేదు. ఆపగానే కాగితంలో లేని మాట నా నోట్లోంచి వచ్చేసింది: "డాక్టరుగారి రాగం అయ్యేలోపు మీరంతా కాఫీ తాగేసి, కప్పులు కూడా కడిగేసుకుని ఉంటారు!" డాక్టరుగారు హార్మోనియం మీద వాలిపోయి నవ్వారు. నర్సు ఆంటీ ఒక దగ్గర మాట మరిచిపోతే నేనే అందించి గట్టెక్కించాను. చివర క్రిస్మస్ శుభాకాంక్షలు చెప్పి కాగితాలు కింద పెట్టాను.

తలుపు తెరుచుకుంది. స్టేషన్ చూసుకునే ముసలి ఆస్ట్రేలియన్ ఆవిడ లోపలికొచ్చి నన్ను కావలించుకుంది. "గుడ్ ఆన్ యా, లవ్! శభాష్! ఫోన్లు మోగుతూనే ఉన్నాయి" అంది ఇంగ్లీషులో. ఆవిడ వెనకే ఇంజినీరు అంకుల్ చప్పట్లు కొడుతూ నిలబడ్డారు. నాకేమీ అర్థం కాలేదు.

రేడియో అంకుల్ జేబులోంచి ఎర్రబల్బు తీశారు. "తల్లీ, ఇందాకటి నుంచీ లైవ్‌లోనే ఉన్నాం" అన్నారు.

చదివిన ప్రతి మాటా తప్పుగానే పలికానేమోనని ఒక్కసారిగా గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను, ఒక్కటీ గుర్తురాలేదు. గదిలో ఉన్న అందరికీ తెలుసు, నాకు తప్ప. బాత్‌రూంలోకి పరుగెత్తి గడియ పెట్టుకున్నాను. నాన్న వచ్చి పిలిచేదాకా బయటికి రాలేదు. నాన్నకూ ముందే తెలుసని కారులో చెప్పారు. ఇల్లు చేరేదాకా ఆయనతో మాట్లాడలేదు.

ఇల్లంతా మాడిన చేపల పులుసు వాసన. అమ్మ రేడియో పక్కన నేలమీదే కూర్చుని ఉంది. ఆమెకు మాత్రం ఎవరూ చెప్పలేదు. "మొదట ఎవరో పిల్లనుకున్నానే, ఎంత బాగా మాట్లాడుతోందీ అనుకున్నా. డాక్టరుగారిని ఆటపట్టించినప్పుడు తెలిసింది, నువ్వేనని" అంది. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

మర్నాడు రేడియో అంకుల్ ఇంటికి వచ్చారు. "అడిగితే నో అంటావని తెలిసే అడగలేదమ్మా. బట్, అది ఫెయిర్ కాదు. సారీ" అన్నారు. అంత పెద్దమనిషి నా ఎదుట తల వంచుకుని కూర్చోవడం స్టూడియోలో తగిలిన దెబ్బకంటే ఎక్కువగా నన్ను కుదిపింది. అయినా కోపం పోలేదు. సెలవులన్నీ ఆయన్ను తప్పించుకు తిరిగాను.

స్కూళ్లు తెరిచాక ఒక శనివారం నేనే స్టూడియోకి వెళ్లాను. "ఆ బల్బు పెట్టండంకుల్. ఈసారి తెలిసి చదువుతా" అన్నాను. దీపం వెలిగింది. చేతులు ఎంత వణికాయంటే కాగితం గలగల బయట విన్నవాళ్లందరికీ వినిపించిందట. తర్వాత ఆయన ఒక పాత క్యాసెట్ పెట్టి, ఒక గొప్ప తార మాటల వెనక అదే గలగల నాకు వినిపించారు.

పెద్దయ్యాక నేను టీచర్‌నయ్యాను. ఎక్కడెక్కడి దేశాల నుంచో కొత్తగా వచ్చిన పిల్లలకు ఇంగ్లీషు నేర్పాను. ఏ పనికైనా గుండె జారినప్పుడల్లా, నేను చచ్చేంత భయపడ్డ పని ఒకసారి నాకు తెలియకుండానే జరిగిపోయిందనీ, నాకేమీ కాలేదనీ చెప్పుకుంటాను. ఆ ధైర్యం ఆ రోజు పెట్టిన భిక్షే. కాని నా తరగతిలో నోరు మెదపని పిల్లల మీద ఆ ఉపాయం ఏనాడూ వాడలేదు. వింటున్నది ఎవరో ముందే చెప్పి, చదువుతావా అని అడుగుతాను. వద్దంటే సరేనంటాను. మళ్లీ వారం మళ్లీ అడుగుతాను.