బొటనవేలి గోరు

రజిత బొటనవేలి గోరు పెంచుకునేది సోకుకు కాదు. పన్నెండేళ్ల వయసు నుంచి మానవపాడు విత్తనపత్తి చేలల్లో క్రాసింగ్ కోసం, అంటే చేత్తో పుప్పొడి అద్దడానికి, మొగ్గలు ఒలిచిన గోరు అది. ఇప్పుడు దానితోనే గిటారు తీగలు మీటుతుంది. డ్రమ్స్ వాయించే దినేష్ వెల్డింగ్ షెడ్డులో ముగ్గురితో మొదలైన రాక్ బ్యాండ్, రెండేళ్లలో వనపర్తి, నాగర్‌కర్నూల్ కాలేజీల దాకా పోయింది. ఆమె గొంతు మాత్రం ఎక్కడా మెత్తబడలేదు. పాడేటప్పుడు దవడ బిగుస్తుంది, మెడ నరాలు తేలతాయి, ఎవరి వంకా చూడదు.

మొన్న గద్వాలలో మాత్రం చూసింది. ముఖ్య అతిథిగా వచ్చిన వెంకట్రాములు మైకు అందుకుని, "గా చెయ్యి వేగం చూసిన్రా? మా చేన్ల నేర్చిన పనే గది!" అని నవ్వాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆయన శాలువా సర్దుకుని వెళ్లి ముందు వరుసలో కూర్చున్నాడు. రజిత మైకు ముందుకు వచ్చింది.

"నిజమే పటేలా. ఏడో తరగతిల బడి మాన్పిచ్చి నువ్వే నేర్పినవ్. గా పాటే పాడుతున్న, లేవకుండ ఇను."

పాట నిండా పేర్లే. ఆమెతోపాటు బడి మానిన పదకొండు మంది ఆడపిల్లల పేర్లు. నాలుగో పేరుకు వెంకట్రాములు లేచాడు. ఐదో పేరు రజిత పాడకముందే, వెనక వరుసలోంచి ఒక ఆడగొంతు తన పేరు తానే అరిచింది.