తాళ్ళరేవు వడ్రంగి దాచిన మరణం

తాళ్ళరేవులో పడవలు కట్టే గున్నేశ్వరరావు గారి దగ్గరికి నేను మొదటిసారి వెళ్లింది 1981 జనవరిలో. ఆయన జీవితాన్ని రాయాలన్న ఆలోచన నాకప్పుడు లేదు. ఆయన చేత ఒక్క వాక్యం చెప్పించి, సాయంత్రం బస్సుకి కాకినాడ చేరుకోవాలన్నదే నా తొందర. వాల్తేరులో లా పూర్తిచేసి అప్పటికి రెండేళ్లు కాలేదు. న్యాయం ఆలస్యం కావడానికి మనుషుల బద్ధకం తప్ప వేరే కారణం లేదని నేను గట్టిగా నమ్మే రోజులవి.

కేసు చిన్నదే. మా క్లయింటు పేరు లోవమ్మ. ఆమె భర్త అచ్చిబాబు సరుకు పడవలు నడిపేవాడు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేరి బర్మా వెళ్లి తిరిగి రాలేదు. సైన్యం వారి కాగితంలో "ఆచూకీ లేదు" అని మాత్రమే ఉంది. అతను వెళ్లకముందు సొంత కష్టంతో కట్టుకున్న పెంకుటింట్లో లోవమ్మ ఒంటరిగా ఉంటోంది. ఇప్పుడు మరిది చంద్రరావు ఆ ఇంటిని అమ్మకానికి పెట్టాడు. అన్నగారు సన్యాసం పుచ్చుకుని కాశీలో ఉన్నాడనీ, ఇల్లు అమ్ముకోమని తనకు 1961లో కార్డు రాశాడనీ అతని వాదన.

ఏడేళ్లపాటు ఒక మనిషి కబురు అయినవాళ్లెవరికీ అందకపోతే, అతను బతికే ఉన్నాడని రుజువు చేయవలసిన భారం ఆ మాట అన్నవాళ్లమీదే పడుతుంది. చంద్రరావు కార్డుముక్క ఆ భారాన్ని దించుకోవడానికి పుట్టిందే. దాన్ని కొట్టివేయాలంటే అచ్చిబాబు మరణాన్ని చూసిన మనిషి కావాలి. అతనితోపాటు అదే రోజున, అదే దళంలో చేరి, ప్రాణాలతో తిరిగి వచ్చినవాడు గున్నేశ్వరరావు గారొక్కరే.

ఆయనకప్పుడు అరవై ఏళ్లు. తొమ్మిదో ఏట తండ్రి పోతే మేనమామ దగ్గర పని నేర్చుకున్నారు. పదహారేళ్లకే, పలకల సందుల్లో దూది కూరి నూనె పట్టిస్తే చుక్క నీరు దిగదన్న పేరు తెచ్చుకున్నారు. 1942లో రాజమండ్రిలో సైన్యానికి మనుషుల్ని తీసుకుంటున్నారని తెలిసి ఆయనా, స్నేహితుడు అచ్చిబాబూ కలిసి వెళ్లారు. వడ్రంగులూ పడవవాళ్లూ కావాలని, మీరు తుపాకీ కన్నా సుత్తే ఎక్కువ పట్టుకుంటారని, అక్కడి అధికారి చెప్పాడట.

"ఆయన అబద్ధం చెప్పలేదండి. మేం సుత్తే పట్టుకున్నాం. అవతలివాళ్లు మాత్రం తుపాకీలే పట్టుకున్నారు" అనేవారు గున్నేశ్వరరావు గారు.

బెంగుళూరులో శిక్షణ పొంది, బర్మాలో నదులమీద పడవలు వరసగా కట్టి వాటిపై వంతెనలు వేసే దళంలో నాలుగేళ్లు పనిచేసి, 1946లో ఇంటికి వచ్చారు. వచ్చిన మర్నాడే కర్ర చెక్కే బాడిస పట్టారు. ఆయన కట్టే పడవల్లో ప్రతి పలకకీ సున్నంతో నంబరు ఉండేది. సైన్యం నుంచి ఆయన తెచ్చుకున్నది ఆ అలవాటు ఒక్కటే అని ఊళ్లో అనుకునేవారు.

నేను వెళ్లిన ప్రతిసారీ ఆయన జవాబు ఒకటే. "అచ్చిబాబు పోవడం నేను చూడలేదండి."

నాలుగోసారి నన్ను చూడగానే పనివాళ్లలో పల్లంరాజు అనే అతను, "మేస్త్రీ, కోర్టు సమను మళ్లీ వచ్చిందండోయ్! ఈసారి నడిచే వచ్చింది" అని అరిచాడు. అందరూ నవ్వారు. గున్నేశ్వరరావు గారు నాకు పీట వేయించి, "అమ్మాయిగారూ, మీరు కర్ర ఆరకుండానే మేకు కొట్టమంటున్నారు. రేపు పడవ మునిగితే మీ నల్లకోటు తేలుస్తుందా?" అన్నారు.

నాకు నవ్వు రాలేదు. విచారణ సోమవారం. అది గురువారం.

"మీరు మాట్లాడకపోతే లోవమ్మ గారు రోడ్డున పడతారు. ముప్పై ఏళ్లకి పైగా మిమ్మల్ని అన్నయ్యా అని పిలిచిన మనిషి. ఆ పాపం చంద్రరావుది కాదు, మీది" అన్నాను. పనివాళ్లు వింటున్నారన్న ఇంగితం కూడా లేకుండా గట్టిగానే అన్నాను.

ఆయన బాడిస ఆపారు. పల్లంరాజు వాళ్లని టీ తాగి రమ్మని పంపారు. వాళ్లు కాలవగట్టు దాటేదాకా చూసి, "నేనే పాతిపెట్టానండి" అన్నారు.

1944 డిసెంబరులో చింద్విన్ నదిమీద వంతెన పని జరుగుతుండగా, ముగ్గురు మనుషులతో ఒక పడవ ఫిరంగి దెబ్బకి మునిగింది. దళం ముందుకు కదిలిపోయింది. మరమ్మతులకు వెనక ఉండిపోయిన కొద్దిమందిలో గున్నేశ్వరరావు గారున్నారు. మూడో రోజున, రెండు మైళ్ల దిగువన ఇసుకలో, అచ్చిబాబు దొరికాడు. కుడిచేతి మీది పడవ బొమ్మ పచ్చబొట్టు వల్లే పోల్చుకోగలిగారు. విరిగిన వంతెన పలకలతో పెట్టె చేసి, గట్టుమీద పాతిపెట్టారు. హవల్దారుకి చెప్పారు. ఆ హవల్దారు మరుసటి వారమే చనిపోయాడు. కబురు కాగితం మీదికి ఎక్కలేదు.

"మరి ఇంటికొచ్చాక ఎందుకు చెప్పలేదు?"

"చెబుదామనే వచ్చానండి. రేవులో దిగేసరికి ఆ పిల్ల ఎదురొచ్చి నిలబడింది. ఇరవై ఏళ్లుంటాయేమో. ఇంత బొట్టు పెట్టుకుని, తల్లో పూలు పెట్టుకుని, నా వెనకాల ఇంకెవరు దిగుతారా అని చూస్తోంది. నాకు మా అమ్మ గుర్తొచ్చింది."

తండ్రి పోయిన పదో రోజున తల్లిని ఏటి ఒడ్డుకి తీసుకువెళ్లి గాజులు పగలగొట్టి, బొట్టు తుడిచి, తెల్లచీర కట్టించడం ఆయన తొమ్మిదేళ్ల వయసులో చూశారు. ఆ తరవాత ఆవిడ వెనక గదిలో ఒంటిపూట భోజనంతో బతికింది. ఎవరైనా ప్రయాణమై బయలుదేరితే ఎదురు రాకుండా గోడవైపు తిరిగి నిలబడేది. కొడుకు సైన్యానికి వెళ్లిన రోజున కూడా అలాగే గోడవైపు తిరిగి నిలబడింది. ఆయన యుద్ధంలో ఉండగానే పోయింది.

"అందుకని, నాకు కనబడలేదమ్మా, ఏమయ్యాడో తెలియదు అనేశానండి. అప్పటినుంచీ ఈ ఊళ్లో ఏ పెళ్లికి పసుపు కొట్టినా మొదటి రోకలిపోటు లోవమ్మదే. మా అమ్మాయి పెళ్లిలోనూ ఆవిడే. అది చూసినప్పుడల్లా, పోనీలే, మంచిపనే చేశాననుకునేవాణ్ణి."

నాకు కళ్లు చెమర్చాయి. అయినా నోటి నుంచి వచ్చింది మాత్రం ప్లీడరు మాటే. "ఇంతే కదండీ! సోమవారం బోనెక్కి ఇదే చెప్పండి."

"ముందు ఆవిడకి చెప్పాలండి."

"కోర్టులో ఆవిడా ఉంటారు కదా, వింటారు."

"మొగుడు పోయిన కబురు బోనులోంచి చెబుతారా అండి?"

ఇద్దరం లోవమ్మ ఇంటికి బయలుదేరాం.

లోవమ్మ అరుగుమీద ఎండురొయ్యలు చెరుగుతోంది. "రా అన్నయ్యా! ప్లీడరమ్మగారే గెలిచారా, నీ బెట్టు ఇంకా గెలుస్తోందా?" అంది నవ్వుతూ. ఆయన కూర్చోలేదు. నిలబడే, నాకు చెప్పినదంతా చెప్పారు. బొట్టు సంగతీ, తల్లి సంగతీ కూడా.

ఆమె చేట కింద పెట్టింది. ఏడుస్తుందని ఎదురుచూశాను. ఏడవలేదు.

"తల ఎటు పెట్టావు?"

"దక్షిణానికి."

"వేలికి రాగి ఉంగరం ఉండాలే."

"తియ్యలేదు. దాంతోనే పెట్టాను."

కాసేపు ఆమె వేళ్లమీద లెక్కపెట్టుకుంది. "పోయింది నలభై నాలుగు. నువ్వొచ్చింది నలభై ఆరు. మా అయ్య నాకు మారుమనువు చూసింది నలభై ఎనిమిది. భైరవపాలెం మనిషి. నెమ్మదస్తుడు. మొదటోడు బతికున్నాడో పోయాడో తేలకుండా మనువెలా కడతామని పెద్దలు నీ దగ్గరికే వచ్చారు కదా. వాళ్లకేం చెప్పావు?"

"చూడలేదన్నాను."

"నా బొట్టు తీసేస్తారనా? ఎవరు తీస్తారు? మీ ఇళ్లల్లో తీసి గదిలో కూలేస్తారు. మా ఇళ్లల్లో తీసినా మళ్లీ పెడతారు. మీ అమ్మకి జరిగింది నాకెందుకు జరుగుతుంది?"

ఊరంతటికీ తెలిసిన సంగతి అది. పడవవాళ్ల ఇళ్లలో మారుమనువు ఉంది. వడ్రంగుల ఇళ్లలో లేదు. రేవులో నిలబడిన ఆ నిమిషాన, ఇరవై అయిదేళ్ల సిపాయికి ప్రపంచంలోని ఆడవాళ్లందరూ తన తల్లిలాగే కనిపించి ఉంటారు. కానీ రెండేళ్ల తరవాత పెద్దలే ఇంటికి వచ్చి అడిగినప్పుడు కూడా ఆయనకి తెలియలేదంటే నేనే నమ్మలేకపోయాను.

ఆయన కూడా ఆ సాకు చెప్పలేదు. "అప్పటికి తెలుసమ్మా. మొదటిసారి అబద్ధం నీ కోసమే ఆడాను. రెండోసారి నా కోసం. ఇంతకాలం అబద్ధం చెప్పానంటే ఊళ్లో నా మాట పోతుందని భయపడ్డాను."

లోవమ్మ మళ్లీ చేట అందుకుంది. "సోమవారం వెళ్లి చెప్పండి. ఇల్లు నాది" అంది. ఆమె ఆయన్ని "మీరు" అని మన్ననగా పిలవడం అదే మొదలు. ఆ మన్ననకి గున్నేశ్వరరావు గారి ముఖం పాలిపోయింది.

సోమవారం కాకినాడ మున్సిఫ్ కోర్టులో ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని బోనెక్కారు. మా ప్రశ్నలకు జవాబులు సూటిగా వచ్చాయి. ఆ తరవాత చంద్రరావు తరఫు వకీలు లేచారు. అనుభవజ్ఞుడు.

"ముప్పై అయిదేళ్లు ఒకమాట చెప్పారు. ఈ రోజు ఇంకొకటి చెబుతున్నారు. రెంటిలో ఏది అబద్ధం?"

"పాతదండి."

"అదిగో, వాది లోవమ్మ అక్కడే కూర్చున్నారు. నుదుట బొట్టుంది. చేతుల్నిండా గాజులున్నాయి. భర్త పోయాడని ఆవిడే నమ్మడం లేదు. మమ్మల్ని నమ్మమంటారా?"

కోర్టు హాలంతా లోవమ్మవైపు తిరిగింది. ఆమె కదలలేదు. ఆక్షేపణ చెబుదామని నేను సగం లేచాను. ఈలోగానే గున్నేశ్వరరావు గారు, "ఆ బొట్టు ఆవిడ నమ్మకం కాదండి, నా అబద్ధం. అడగాలంటే నన్నడగండి" అన్నారు.

అక్కడితో ఆగి ఉంటే మాకు చాలు. ఆగమని కళ్లతో సైగ చేశాను. ఆయన చూశారు, చూసి కూడా సాగించారు. 1948లో పెద్దలు వచ్చిన సంగతి, వాళ్లకి తెలిసి తెలిసి అబద్ధం చెప్పిన సంగతి, ఎవరూ అడగకుండానే చెప్పారు. "ఆవిడకో కాపురం ఉండేదండి. నా పరువు కోసం దాన్ని పోగొట్టాను. ఇది కూడా రాసుకోండి."

మా సాక్షి తన విలువని తానే కూలదోసుకుంటున్నాడని నేను పళ్లు నూరుకున్నాను. ఎదుటి వకీలు చిరునవ్వుతో కూర్చున్నారు. వెనక బల్లమీద తాళ్ళరేవు నుంచి వచ్చిన పదిమందీ ఆయన్ని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశారు.

ఏప్రిల్‌లో తీర్పు వచ్చింది. తనకి నష్టం చేసే నిజాన్ని అడగకుండానే చెప్పిన మనిషి, మిగిలిన విషయంలో కల్పించి చెప్పాడనుకోవడానికి కారణం కనిపించదని మున్సిఫ్ గారు రాశారు. చంద్రరావు తెచ్చిన కార్డు రాత ఎవరిదో అతనే చెప్పలేకపోయాడు. అచ్చిబాబు 1944 డిసెంబరులో మరణించినట్టుగా, ఇల్లు అతని భార్యదిగా తేల్చారు. నేను పళ్లు నూరుకున్న ఆ వాక్యాలే మా కేసును నిలబెట్టాయి.

తీర్పు నకలు అందిన రోజున నేనూ లోవమ్మా పడవల షెడ్డుకి వెళ్లాం. వెళ్దామన్నది ఆమే. ఆ మూడు నెలల్లో ఊళ్లో కొందరు గున్నేశ్వరరావు గారికి పని ఇవ్వడం మానేశారు. మొదటి పోటు ఆవిడ చేత వేయించుకున్న పెళ్లిళ్ల మాటేమిటని కొందరు ఆయన ఇంటికే వెళ్లి తగువు పడ్డారు. షెడ్డులో ఒకే ఒక్క పడవ, అదీ సగం కట్టింది, ఉంది. పల్లంరాజు తప్ప పనివాళ్లు లేరు.

ఆయన బాడిస పట్టుకునే లేచి నిలబడ్డారు. లోవమ్మ నుదుట బొట్టు అలాగే ఉంది. తీయమని ఆమెకి చెప్పే ధైర్యం అంతవరకు ఎవరికీ కలగలేదు.

"కర్మ చేయించాలి. మరిది చెయ్యనన్నాడు. నాకు పిల్లల్లేరు" అంది ఆమె.

"బ్రాహ్మడితో నేను మాట్లాడతానమ్మా. ఎవరైనా అయినవాణ్ణి చూసి..."

"అయినవాళ్లు వద్దు. మీరే చెయ్యాలి."

"నేనా? నేను మీవాణ్ణి కాదు కదమ్మా. కులం వేరు, పద్ధతి వేరు. ఒప్పుకుంటారా?"

"పాతిపెట్టేటప్పుడు ఎవర్నడిగారు?"

క్షమించానని ఆమె ఆ రోజున అనలేదు, ఆ తరవాతా అనలేదు. ఆమె అడుగుతున్నది ఒక పని. ముప్పై ఆరేళ్ల క్రితం ఆయన మొదలుపెట్టి సగంలో వదిలేసిన పని.

గున్నేశ్వరరావు గారు బాడిసని పలకమీద పెట్టారు. తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నారు.

"ఏ రోజున?" అని అడిగారు.